మీ కలల మడత కత్తిని గీసుకోవడం ఎలా: తెల్ల కాగితం నుంచి అట్ట నమూనా దాకా

"నా మనసులో ఉన్న మడత కత్తి ఇదీ, చేయించుకోవచ్చా?" అంటూ వచ్చే బొమ్మల్లో చాలావాటికి ఒకటే జబ్బు. కత్తి తెరిచి ఉన్నప్పటి బొమ్మ ఒక్కటే ఉంటుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. దాన్ని మడిచి చూస్తే మాత్రం మొన పిడి బయటికి పొడుచుకొస్తుంది, లేదా పదునంచు వెళ్లి స్ప్రింగుకు తగులుతుంది. ఇక తయారుచేసేవారు ఆ బొమ్మను పక్కనపెట్టి తమకు తెలిసిన కొలతలతో వేరే కత్తి చేసిస్తారు.

ఇక్కడ చెప్పేది స్లిప్‌జాయింట్ గురించి. అంటే లాక్ లేకుండా, వీపు స్ప్రింగు ఒత్తిడి మీదే తెరిచి, మడిచి నిలబడే సంప్రదాయ జేబు కత్తి. షెఫీల్డ్, జోలింగెన్, అమెరికా పాత నమూనాల్లో అత్యధికం ఈ రకమే. ఒపినెల్ లాంటి వాటికి వీపు స్ప్రింగు ఉండదు, తిరిగే రింగు పట్టి ఉంచుతుంది. వాటికి ఈ లెక్కలు పనికిరావు. బటన్ నొక్కితే తెరుచుకునేవి అసలు ఈ కోవలోకే రావు.

ఉదాహరణగా ఒకే బ్లేడు, 90 మి.మీ. పిడి ఉన్న కత్తిని తీసుకుందాం. మొదటి డిజైన్ ఒకే బ్లేడుతో ఉండటం మంచిది. మూడు బ్లేడ్ల స్టాక్‌మన్ మీద ఎంత మోజున్నా, పక్కపక్క బ్లేడ్లు ఒకదానికొకటి రాసుకోకుండా కొద్దికొద్దిగా వంచి సర్దడం విడిగా నేర్వాల్సిన విద్య.

## 1. గీసే ముందు తేల్చుకోవాల్సినవి

ఆకారం కన్నా ముందు పని తేల్చండి. జామకాయ, మామిడికాయ, నిమ్మకాయ కోయడానికా? పార్సిల్ తాళ్లు, టేపులు తెంచడానికా? చెక్క చెక్కడానికా?

- పండ్లకు, తిండికి: మొన నడిమికి వచ్చే స్పియర్ బ్లేడు. పలచగా ఉండాలి.
- తాళ్లు, అట్టపెట్టెలకు: పదునంచు తిన్నగా ఉండే షీప్స్‌ఫుట్ లేదా లాంబ్‌ఫుట్. తిన్నని అంచును ఇంట్లో సానపట్టడం కూడా తేలిక.
- అన్నిటికీ ఒకటే కావాలంటే: క్లిప్ బ్లేడు (మొన దగ్గర వెన్నును కోసి తీసినట్టు ఉండేది). కానీ సన్నని మొన త్వరగా విరుగుతుంది.

చట్టం సంగతీ ఇప్పుడే చూసుకోండి. మన దేశంలో ఆయుధ నిబంధనల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తులు (ఇంటిపనికి, వ్యవసాయానికి ఉద్దేశించినవి మినహా) లైసెన్సు పరిధిలోకి వస్తాయి. మన ఉదాహరణలో బ్లేడు 70 మి.మీ. మాత్రమే కాబట్టి ఆ దరిదాపుల్లో లేదు. బ్రిటన్‌లో ఉండే తెలుగువారు ఇంకో గీత గుర్తుంచుకోవాలి. అక్కడ కారణం చూపకుండా వెంట ఉంచుకోగలిగేది లాక్ లేని, పదునంచు 3 అంగుళాలకు మించని మడత కత్తి మాత్రమే. ఈ కత్తిని విమానం క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు.

## 2. కావాల్సిన సామాను

- మి.మీ. గళ్ల గ్రాఫ్ కాగితం
- ట్రేసింగ్ కాగితం లేదా పారదర్శక ప్లాస్టిక్ షీటు
- 0.5 మి.మీ. పెన్సిలు, స్టీలు స్కేలు, వృత్తలేఖిని
- గట్టి అట్ట (పాత శుభలేఖలు దీనికి భలేగా పనికొస్తాయి)
- గుండుపిన్నులు, కింద పరచడానికి థర్మోకోల్ ముక్క

కంప్యూటర్‌లో గీయడం వచ్చినవారు అలాగే గీసుకోవచ్చు. కానీ ఒకసారి 1:1 ప్రింటు తీసి అట్ట కత్తిరించి చూడండి. స్క్రీను మీద పెద్దగా కనబడే కత్తి చేతిలోకొచ్చేసరికి బొమ్మ కత్తిలా ఉండటం మామూలే.

## 3. పివట్ గీత: అన్ని కొలతలకూ మూలం

చాలామంది పిడి బయటి గీతతో మొదలుపెడతారు. మీరు పివట్ పిన్నుతో, అంటే బ్లేడు తిరిగే ఇరుసుతో మొదలుపెట్టండి. కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద పివట్ చుక్క పెట్టండి. ఇకపై ఎత్తులన్నీ ఈ గీత నుంచే లెక్క. పైన ఉన్నది పిడి వీపు, అంటే స్ప్రింగు ఉండే వైపు. కింద ఉన్నది పిడి నోరు, అంటే మడిచినప్పుడు బ్లేడు దూరే వైపు.

కొలతలు ఇవీ:

- పిడి ముందు కొస నుంచి పివట్: 8 మి.మీ.
- పివట్ నుంచి పిడి వెనక కొస: 82 మి.మీ.
- పివట్ గీత నుంచి పిడి వీపు: పైకి 9 మి.మీ.
- పివట్ గీత నుంచి పిడి నోరు: కిందికి 5 మి.మీ.
- పిడి మొత్తం ఎత్తు: 14 మి.మీ.

ఆ 9 మి.మీ. ఎలా వచ్చిందంటే, టాంగ్ (పిడి లోపల ఉండే బ్లేడు మొదలు) పివట్ నుంచి పైకి 5 మి.మీ. ఉంటుంది. దాని మీద కూర్చునే స్ప్రింగు తల 4 మి.మీ. ఈ రెండు అంకెలు మారితే పిడి వీపు గీత కూడా మారాలి. బయటి గీత ముందే గీసుకుని లోపలివాటిని అందులో ఇరికించబోతే పని చెడేది ఇక్కడే.

## 4. టాంగ్ గీయడం

పివట్ చుట్టూ 10 మి.మీ. చదరం గీయండి. అంటే నడిమి నుంచి ఏ వైపుకైనా 5 మి.మీ. ఈ చదరానికి మూడు ముఖాలు పనిచేస్తాయి.

1. పై ముఖం: కత్తి పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగు దీని మీద ఆనుతుంది.
2. వెనక ముఖం: సగం తెరిచినప్పుడు, అంటే 90 డిగ్రీల దగ్గర, ఆగేది దీనివల్ల. దీన్నే హాఫ్‌స్టాప్ అంటారు.
3. కింది ముఖం: మడిచినప్పుడు స్ప్రింగు ఆనేది దీని మీద.

మూడు ముఖాలూ పివట్ నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి. అప్పుడే తెరిచినా, సగంలో ఆపినా, మడిచినా స్ప్రింగు వీపు పిడి వీపుతో సమంగా ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉన్నా వేలికి మెట్టులా తగులుతుంది.

ఇక మూలలు. చదరం మూల పివట్ నుంచి 7.07 మి.మీ. దూరంలో ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే, మూల దాటేటప్పుడల్లా స్ప్రింగు 2 మి.మీ. పైగా లేవాలి. ఇంత చిన్న స్ప్రింగుకు అది ఎక్కువ. కొన్నాళ్లకు వంగిపోయి బిగువు పోతుంది, లేదా విరుగుతుంది. అందుకే మూలలను గుండ్రం చేయాలి:

- 1.5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేస్తే స్ప్రింగు సుమారు 1.45 మి.మీ. లేస్తుంది. ఇది కూడా ఎక్కువే.
- 2 మి.మీ. అయితే 1.24 మి.మీ.
- 2.5 మి.మీ. అయితే 1.04 మి.మీ. మన కత్తికి ఇది సరిపోతుంది.

ఇంకా ఎక్కువ గుండ్రం చేస్తే ముఖాలు చిన్నవైపోయి, ఆగే చోట టక్కున ఆగదు, జారుతుంది. హాఫ్‌స్టాప్ వద్దనుకుంటే వెనక ముఖాన్ని పూర్తిగా వంపు తిప్పేయవచ్చు. నడక మెత్తగా ఉంటుంది. మరి వేళ్ల భద్రత? మడిచేటప్పుడు ఒక్కసారిగా పడిపోకుండా సగంలో ఆగే కత్తి కొత్తవారికి నయం. మా ఓటు హాఫ్‌స్టాప్‌కే.

కింది ముఖం ముందు భాగంలో ఉండే చిన్న బుడిపెను కిక్ అంటారు. పదునంచు పివట్ గీతకు 4 మి.మీ. కింద ఉంటే, కిక్ 5 మి.మీ. కింద ఉండాలి. మడిచినప్పుడు ముందు కిక్ వెళ్లి స్ప్రింగుకు ఆనుతుంది కాబట్టి పదునంచుకూ స్ప్రింగుకూ మధ్య 1 మి.మీ. ఖాళీ మిగులుతుంది. కిక్ సరిపోకపోతే మడిచిన ప్రతిసారీ అంచు స్ప్రింగును కొట్టుకుని ఒకే చోట మొద్దుబారుతుంది. కొత్త కత్తి నడుమ ఒక్కచోటే తెగడం లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

## 5. స్ప్రింగు

స్ప్రింగును రెండు పిన్నులు పట్టి ఉంచుతాయి, ఒకటి నడిమిది, ఒకటి వెనకది. వంగేది ప్రధానంగా నడిమి పిన్ను నుంచి ముందు కొస వరకు.

- నడిమి పిన్ను: పివట్ నుంచి 42 మి.మీ. వెనక
- వెనక పిన్ను: పిడి వెనక కొస నుంచి 5 మి.మీ. లోపలికి
- స్ప్రింగు తల (టాంగ్ మీద ఆనే చోట): 4 మి.మీ. ఎత్తు
- వంగే భాగం: 3.2 మి.మీ. ఎత్తు
- నడిమి పిన్ను దగ్గర: 4 మి.మీ. ఎత్తు, పిన్ను 2 మి.మీ.

వంగే భాగం ఎత్తు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. స్ప్రింగు బలం ఎత్తు ఘనాన్ని బట్టి మారుతుంది. ఎత్తును పదో వంతు తగ్గిస్తే బలం నాలుగో వంతు పైగానే తగ్గుతుంది. నడిమి పిన్నును 42 నుంచి 46 మి.మీ.కి జరిపినా దాదాపు అంతే తగ్గుదల. అందుకే గీసేటప్పుడు కొంచెం ఎత్తుగానే ఉంచండి. తయారీలో లోపలి వైపు నుంచి ఆకురాయితో కొద్దికొద్దిగా తీసి సరిచేసుకోవచ్చు. తీసినదాన్ని మళ్లీ అతికించలేం.

రెండో సంగతి ముందస్తు బిగువు. స్ప్రింగును నడిమి, వెనక పిన్నుల మీద మాత్రమే నిలిపి, బ్లేడు లేకుండా చూడండి. దాని తల టాంగ్ ముఖం ఉండాల్సిన గీత కన్నా 0.6 నుంచి 0.8 మి.మీ. కిందికి దిగి ఉండాలి. బ్లేడు పెట్టగానే ఆ మేరకు స్ప్రింగు పైకి లేచి బిగుస్తుంది. బొమ్మలో దీన్ని చుక్కల గీతగా చూపండి. ఇది లేకపోతే తెరిచిన బ్లేడు లొడలొడలాడుతుంది.

నడిమి పిన్ను దగ్గర బలం కోసమని స్ప్రింగును లోపలికి ఉబ్బెత్తుగా గీసే అలవాటు చాలామందికి ఉంది. మడిచిన బ్లేడు పదునంచు సరిగ్గా అక్కడే ఉంటుంది. 1 మి.మీ. ఖాళీని ఈ ఉబ్బు మింగేస్తుంది.

బ్లేడుకు రాక్‌వెల్ సి (ఉక్కు గట్టిదనం కొలిచే స్కేలు) మీద 58–60, స్ప్రింగుకు 45 చుట్టుపక్కల గట్టిదనం అడగండి. రెండింటికీ ఒకే గట్టిదనం ఇస్తే స్ప్రింగు గాజులా విరుగుతుంది.

## 6. బ్లేడు, మొన, గోటి గాడి

తెరిచినప్పుడు బ్లేడు వెన్ను పిడి వీపుతో ఒకే గీతలో ఉండాలి. అంటే పివట్ గీతకు 9 మి.మీ. పైన. పదునంచు 4 మి.మీ. కింద. బ్లేడు ఎత్తు 13 మి.మీ.

పివట్ నుంచి మొన దాకా 78 మి.మీ. గీయండి. పిడి బయట కనబడేది 70 మి.మీ. పిడి పొడవులో ఇది 78 శాతం. ఇంకా లాగితే మొన పిడి వెనక కొసను దాటే ప్రమాదం ఉంది.

మొన ఎత్తు చాలామందికి తట్టని లెక్క. మడిచినప్పుడు బ్లేడు తలకిందులవుతుంది. తెరిచినప్పుడు పివట్ గీతకు పైన ఉన్నది మడిచాక అంతే కిందికి వెళ్తుంది. పిడి నోరు 5 మి.మీ. కిందే ఉంది. కాబట్టి తెరిచి ఉన్నప్పుడు మొన పివట్ గీతకు 5 మి.మీ. కన్నా పైన ఉంటే మడిచాక బయటికి పొడుచుకొస్తుంది, జేబు చిరుగుతుంది, వేలు తెగుతుంది. మొనను పివట్ గీతకు 2 మి.మీ. పైన పెట్టండి. అంటే వెన్ను గీత నుంచి 7 మి.మీ. దిగాలి. మడిచాక మొన పిడిలోకి 3 మి.మీ. మునిగి ఉంటుంది. వెన్ను మొన దాకా తిన్నగా సాగే బ్లేడు ఈ పిడిలో కుదరనిది ఇందుకే.

మడిచినప్పుడు వెన్ను పిడి నోటి నుంచి 4 మి.మీ. బయటికి కనబడుతుంది. గోటి గాడి (బ్లేడు తెరిచేందుకు గోరు పెట్టే గాడి) పట్టేది ఈ నాలుగింటిలోనే. గాడి నడిమి గీత వెన్నుకు 2.5 మి.మీ. దిగువన, పొడవు 10–12 మి.మీ. ఉంటే చాలు. పివట్ నుంచి ఎంత దూరంగా ఉంటే గోటి మీద అంత తక్కువ బరువు. 40 మి.మీ. దూరంలో ఉన్నదాన్ని 50కి జరిపితే లాగాల్సిన బలం ఐదో వంతు తగ్గుతుంది. అక్కడ వెన్ను కిందికి దిగడం మొదలైతే గాడి పిడిలో మునిగిపోతుంది, అది చూసుకోండి.

మందం లెక్క: బ్లేడు 2.4, లైనర్లు (పక్క చెక్కల లోపలి లోహపు రేకులు) 0.8 చొప్పున రెండు, పక్క చెక్కలు 3 చొప్పున రెండు. మొత్తం 10 మి.మీ. పివట్ పిన్ను 3 మి.మీ. టాంగ్ స్ప్రింగు కన్నా వెంట్రుకవాసి, 0.03–0.05 మి.మీ., మందంగా ఉండాలని రాయండి. తక్కువైతే బ్లేడు పక్కకు ఊగుతుంది.

## 7. అట్ట నమూనాతో పరీక్ష

ఈ మెట్టు ఎగ్గొట్టకండి.

1. పిడి, స్ప్రింగు కలిపి గ్రాఫ్ కాగితం మీద గీసి అట్టకు అతికించండి.
2. బ్లేడును టాంగ్‌తో సహా పారదర్శక షీటు మీద గీసి కత్తిరించండి.
3. పివట్ దగ్గర గుండుపిన్నుతో రెండింటినీ థర్మోకోల్‌కు గుచ్చండి.
4. బ్లేడును మెల్లగా తిప్పండి. తెరిచి, 90 డిగ్రీల దగ్గర, మడిచి చూడండి.
5. ఒక్కో చోట టాంగ్ ముఖం స్ప్రింగు కింది గీతకు సరిగ్గా ఆనుతోందా? పెన్సిలుతో గుర్తు పెట్టండి.
6. మూలలు దాటేటప్పుడు టాంగ్ ఎంత పైకి వచ్చిందో కొలవండి. 1.04 మి.మీ. అటూఇటూ రావాలి.

మడిచి చూసేటప్పుడు టిక్కు పెట్టాల్సినవి:

- మొన పిడి లోపలే ఉంది
- పదునంచుకూ స్ప్రింగుకూ మధ్య, నడిమి పిన్ను దగ్గర సహా, ఎక్కడా 1 మి.మీ. కన్నా తక్కువ లేదు
- గోటి గాడి పూర్తిగా బయట ఉంది
- తెరిచినప్పుడు టాంగ్ కింది ముఖం పిడి నోటితో సమంగా ఉంది

తర్వాత పిడి ఆకారంలో 10 మి.మీ. మందం చెక్క ముక్క కోసి ఒకటి రెండు రోజులు జేబులో తిప్పండి. ఎక్కడ గుచ్చుకుంటుందో అదే చెప్తుంది.

## 8. సామగ్రి ఎంపిక

కోస్తా ఉక్కపోతలో, చెమట చేతుల్లో 1095 లాంటి కార్బన్ స్టీలుకు రోజూ తుడిచే ఓపిక కావాలి. పచ్చి మామిడి, నిమ్మ కోస్తే నల్లబడుతుంది, ముక్కకు ఇనుము రుచి అంటుతుంది. పండ్ల కత్తికి 14సి28ఎన్ లేదా 440సి లాంటి స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. ఏది తీసుకున్నా వానాకాలంలో తోలు ఒరలో ఉంచకండి.

లైనర్లకు ఇత్తడి, బోల్‌స్టర్లకు (పిడి కొసన ఉండే లోహపు దిమ్మలు), పిన్నులకు జర్మన్ సిల్వర్ (పేరుకే వెండి, రాగి–నికెల్ మిశ్రమం) పాత పద్ధతి. ఇత్తడికి చిలుము పడుతుందని గుర్తుంచుకోండి.

పక్క చెక్కలకు:

- గేదె కొమ్ము: అందంగా ఉంటుంది, కానీ ఎండకు కుంచించుకుని బోల్‌స్టర్ పక్కన సందు తేలుతుంది.
- నల్లతుమ్మ, చింత చేవ, తునికి: గట్టివి. కనీసం ఏడాది ఆరినదే వాడాలి, లేకపోతే పిన్ను రంధ్రం దగ్గర చీలుతుంది.
- హైలం షీటు: కరెంటు సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. బట్ట పొరలతో చేసిన 3 మి.మీ. రకం అడగండి. వానకూ ఎండకూ చలించదు. మొదటి కత్తికి దీన్ని మించింది లేదు.

కొండపల్లి బొమ్మల పొణికి కర్ర మెత్తన, వద్దు. ఎర్రచందనం పిడి కావాలనే కోరిక చాలామందికి ఉంటుంది. అనుమతి పత్రాలు లేని ముక్క చేతిలో ఉండటమే నేరం. జింక, కణుజు కొమ్ములు, ఏనుగు దంతం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. అడవిలో రాలి దొరికిన కొమ్మైనా సరే.

## 9. అలంకరణ

బార్లో తరహా కావాలంటే బోల్‌స్టర్‌ను పిడి పొడవులో మూడో వంతు, 30 మి.మీ. దాకా లాగండి. పివట్ దగ్గర బలం పెరుగుతుంది. మామూలు బోల్‌స్టర్‌కు 15 చాలు.

షీల్డ్ బిళ్ల (పక్క చెక్కలో పొదిగే చిన్న లోహపు బిళ్ల) నడిమి పిన్ను మీద పడకూడదు. ఆ పిన్ను పిడి ముందు కొస నుంచి 50 మి.మీ. దగ్గర ఉంది. కాబట్టి 25–40 మధ్య పెట్టండి. బార్లో బోల్‌స్టర్ వేస్తే మాత్రం ఆ చోటు ఉండదు, 57–75 మధ్యకు జరపాలి.

స్ప్రింగు వీపు మీద ఆకురాయి నగిషీ చూడముచ్చటగానే ఉంటుంది, కానీ వంగే భాగంలో లోతైన గాడి వేస్తే పగులు అక్కడే మొదలవుతుంది. నగిషీని నడిమి పిన్ను వెనకకు, బ్లేడు వెన్నుకు, లైనర్ల అంచుకు పరిమితం చేయండి.

## 10. లక్షణం చూసి లోపం పట్టుకోవడం

- గోరు విరిగేంత బిగువు: వంగే భాగం ఎత్తు, మూలల వ్యాసార్ధం, గోటి గాడి దూరం చూడండి. మొదట మూలలు, తర్వాత స్ప్రింగు.
- తెరిచాక పైకీ కిందికీ లొడలొడ: ముందస్తు బిగువు చాలలేదు, లేదా స్ప్రింగు కొసకూ టాంగ్ భుజానికీ (టాంగ్ నుంచి బ్లేడు వెన్ను పైకి లేచే మెట్టుకు) మధ్య సందుంది.
- సగంలో ఆగినప్పుడు స్ప్రింగు మెట్టు: టాంగ్ వెనక ముఖం దూరం తేడా. ఎత్తుగా ఉంటే ఆకురాయితో తీయవచ్చు. తక్కువైతే కొత్త బ్లేడే.
- మడిచిన బ్లేడు ఒక లైనర్‌కు రాసుకోవడం: పివట్ రంధ్రం నిటారుగా పడలేదు. ఇది డిజైన్ తప్పు కాదు.

## 11. తయారీదారుకు ఇచ్చే కాగితం

ఒకే పేజీలో 1:1 కొలతతో మూడు బొమ్మలు ఉండాలి: తెరిచినది, సగం తెరిచినది, మడిచినది. పక్కన మందం లెక్క, పిన్నుల వ్యాసాలు, స్టీలు రకం, గట్టిదనం. పేజీ మూలన 50 మి.మీ. గీత ఒకటి గీసి కొలత రాయండి. వాట్సాప్‌లో వెళ్లిన బొమ్మ అటు ప్రింటు తీసేసరికి పరిమాణం మారిపోతుంది, దీంతో సరిచూసుకోవచ్చు.

కొలతలను రెండు రంగుల్లో రాయండి. ఎర్రవి మార్చకూడనివి: బ్లేడు పొడవు, మొత్తం మందం, బ్లేడు ఆకారం లాంటివి. నీలివి తయారీదారు తన అనుభవంతో సర్దుకోదగ్గవి: స్ప్రింగు వంగే భాగం ఎత్తు, ముందస్తు బిగువు, మూలల గుండ్రం. ఎంత బిగువు కావాలో 1 నుంచి 10 దాకా అంకెల్లో చెప్పడం సేకరణదారుల్లో వాడుక. రోజూ వాడే కత్తికి 5 లేదా 6 అడగండి. ముసలివారికి, గోళ్లు పలచగా ఉన్నవారికి 4 రాయండి.